సవరణ: మృతుల వయసు, మద్యం లెక్కలు

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 66.5 శాతం 18–45 ఏళ్లవారేనని తాగి నడపడం గురించి రాసిన గత వ్యాసంలో ఇచ్చిన అంకె సరైనదే గాని, అది మృతుల వయసును చెబుతుందే తప్ప తాగి నడిపినవారి వయసును కాదు. పాదచారులు, వెనుక సీట్లో కూర్చున్నవారు కూడా అందులో ఉన్నారు. అలాగే మద్యం, మత్తు పదార్థాల ఖాతాలో పడిన 2.5 శాతం మరణాలను తాగిన డ్రైవర్లున్న ప్రమాదాల్లో మరణాలు 32 శాతమని అమెరికా చెప్పే లెక్కతో పోల్చడం కుదరదు. అక్కడ రక్తపరీక్ష ఫలితం లేని డ్రైవర్లకూ గణాంక పద్ధతిలో మద్యం స్థాయిని అంచనా కట్టి కలుపుతారు. ఇక్కడ పోలీసులు రాసుకున్న కారణమే ఆధారం కనుక, తాగి దూకుడుగా నడిపినవాడి ప్రమాదం ‘అతివేగం’ గడిలోకి పోవచ్చు (71 శాతం మరణాలు ఆ గడిలోనే ఉన్నాయి మరి). డ్రైవర్ రక్తంలో మద్యానికి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన పరిమితి మాత్రం మనదే కఠినం: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అమెరికాలో యూటా మినహా అది 80.