జాతర జాతరకూ బ్రేక్ ఆయిల్ మార్చండి

మేడారం జాతర దగ్గరపడితే హన్మకొండలో ఏ షెడ్డు ముందు చూసినా కార్లే. ఇంజిన్ ఆయిల్ మారుస్తారు, ఏసీ గ్యాస్ నింపిస్తారు, పాటల కోసం కొత్త స్పీకర్లు కూడా పెట్టిస్తారు. బ్రేక్ ఆయిల్ మాటెత్తితే మాత్రం "లెవెల్ ఉందన్నా, ఏం కాదు" అంటాడు మెకానిక్. ఓనర్ సంతోషంగా తలూపుతాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

లెవెల్ ఒక్కటే ఉంటే సరిపోదండీ. ఆ ఆయిల్ తేమను పీల్చుకునే రకం. మూత బిగించే ఉన్నా, రబ్బరు పైపుల గుండా మెల్లమెల్లగా తేమ చేరుతూనే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద డాట్ 3, డాట్ 4 అని రకం రాసి ఉంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల లోపు మరగకూడదని ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు కలిస్తే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి.

ఇప్పుడు ఐదుగురి కారులో ఎనిమిది మందిని ఎక్కించండి. డిక్కీలో వంట సామాను, అమ్మవార్లకు బెల్లం. దారిలో గట్టమ్మ గుడి దగ్గర ఆగి మొక్కుకుంటాం, మంచిదే. ములుగు దాటి రోడ్డు ఖాళీగా కనిపించిందా, మనోడు తొక్కుతాడు. వేగం రెట్టింపైతే బ్రేకుల మీద పడే వేడి నాలుగు రెట్లు. ముందు ట్రాక్టరు, తర్వాత మేకల మంద, ఆ వెంటనే బస్సు. గట్టిగా నొక్కీ నొక్కీ చక్రం డిస్క్‌ను పట్టి ఆపే ప్యాడ్ల వేడి, వాటిని నొక్కే కాలిపర్‌లోని ఆయిల్‌కు పాకుతుంది. పాత ఆయిలైతే అక్కడ మరిగి ఆవిరవుతుంది. ద్రవాన్ని నొక్కితే అణగదు కాబట్టే మన కాలి బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి అణుగుతుంది. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. చల్లారాక బ్రేక్ మళ్లీ పడుతుంది కనుక షెడ్డుకు తీసుకెళ్తే "బాగానే ఉంది కదన్నా" అనే జవాబే!

ఇంకో జాడ్యం టాపప్. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. లెవెల్ తగ్గిందంటే ప్యాడ్లు అరిగాయి, లేదా ఎక్కడో లీకుంది. రెండూ చూడకుండా పైన పోసేస్తే అసలు సంగతి ఎట్లా తెలుస్తుంది? కొందరు మహానుభావులైతే చేతికందిన ఇంజిన్ ఆయిలే పోస్తారు. రబ్బరు సీళ్లు ఉబ్బిపోయాక ఏడుస్తారు.

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మన జాతరా రెండేళ్లకోసారే. 2024 ఫిబ్రవరి జాతరకు మార్చినవాళ్లకు 2026 జనవరి జాతరకు గడువు తీరినట్టే. డిస్క్ ఉన్న బైకులకూ ఇదే లెక్క. కేబుల్‌తో పనిచేసే డ్రమ్ము బ్రేకులకు ఆయిల్ గొడవ లేదు, డ్రమ్ము లోపల రాసుకుని ఆపే షూలు చూపించుకుంటే చాలు.

మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. సీలున్న డబ్బా మీ ముందే తెరవాలి, నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పోయి కొత్తది వచ్చేదాకా వదలాలి. ఎప్పుడో మూత తీసిన సగం డబ్బా తెస్తే మొహమాటపడకుండా వద్దనండి, అది కూడా తేమ పీల్చే ఉంటుంది.