మన వేదిక జవాబు చెప్పని ప్రశ్న

గత డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం సేవా కార్యక్రమాల్లో భాగంగా తిరుపతిలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో జరిగిన ఉద్యోగ మార్గదర్శన సదస్సులో నేను కూడా వక్తల వరుసలో కూర్చున్నాను. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, దాతల పరిచయం, శాలువాలు, జ్ఞాపికలు అన్నీ ముగిసేసరికి పదకొండున్నర అయింది. భోజనాలు పన్నెండున్నరకు కాబట్టి అసలు సదస్సుకు మిగిలింది గంట. వక్తలం ఆరుగురం, అందులో ఐదుగురు సాఫ్ట్‌వేర్ రంగంవారు. చివర్లో ప్రశ్నలకు అవకాశం ఇచ్చినప్పుడు వెనుక వరుసలోంచి మెకానికల్ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి లేచి, “సార్, మెకానికల్ ఇంజనీరుగా పనిచేయడానికి మంచి చోట్లు ఏవి? ఇక్కడైనా సరే, బయటైనా సరే” అని అడిగింది. మైకు చేతిలో ఉన్న పెద్దమనిషి నవ్వి, కంప్యూటరు ప్రోగ్రాములు రాసే భాష పేరెత్తి, “ముందు పైథాన్ నేర్చుకోమ్మా, చోటు దానంతటదే దొరుకుతుంది” అన్నారు. హాలంతా నవ్వింది, చప్పట్లు కూడా మోగాయి. ఆ అమ్మాయి మారు మాట్లాడకుండా కూర్చుండిపోయింది.

పాతికేళ్లకు పైగా మెకానికల్ ఇంజనీరుగానే బతుకుతున్న నేను, భుజాన శాలువాతో అదే వేదిక మీద ఉండి కూడా నోరు విప్పలేదు. సమయం లేదని, సభా మర్యాద అని ఆ క్షణంలో నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉంది.

ఆ మాట అన్నవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఎందుకంటే దాని వెనుక మనందరి అనుభవం ఉంది. 2009 ఏప్రిల్ చివరన క్రైస్లర్, జూన్ మొదట్లో జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరినప్పుడు, డెట్రాయిట్ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో పనిచేస్తున్న నేను ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఆ ఐదు నెలలూ మా అద్దెలో సగం కట్టింది, పసివాడికి వైద్య బీమా ఎలా దొరుకుతుందో తిరిగి కనుక్కున్నది సాఫ్ట్‌వేర్ మిత్రులే. ఆ రుణం నేను మరిచిపోలేను. అయితే ఒక పిల్ల తనకు ఇష్టమైన విద్యలో మంచి చోటు ఏదని అడిగితే, ఆ విద్యనే వదిలేయమని చెప్పడం ఆ ప్రశ్నకు జవాబు అవుతుందా అన్నది నా సందేహం.

భోజనాల వేళ ఆమెను వెతుక్కుంటూ వెళ్లాను. కళాశాల గేటు దగ్గర చెట్టు కింద తండ్రితో కలిసి నిలబడి ఉంది. వారిది పలమనేరు వైపు ఒక పల్లె, ఆయన ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడుపుతారు. హైడ్రాలిక్ లిఫ్టు విప్పి సీళ్లు మార్చడం ఆమెకు పదో తరగతిలోనే వచ్చునట. “మా పాపకు ఏదో ఒక దారి చూపించండి సార్, దానికి ఈ ఇనుము పనంటేనే ఇష్టం” అన్నారాయన. ఆ చెట్టు కిందే గంటసేపు మాట్లాడుకున్నాము. వేదిక మీద చెప్పవలసిన మాటలను అక్కడ చెప్పాను.

ముందుగా చెప్పింది నా సంగతే. 1996లో శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాలలో చదువు ముగించి, మా జిల్లాలోనే ఒక చక్కెర ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను. బంధువులకు అది పెద్ద ఉద్యోగంగా కనిపించలేదు, నాకూ కనిపించలేదు. గానుగాట సీజను మొదలైన రెండో వారం నుంచి రసం పంపు ఒకటి నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. పదిరోజులకొకసారి మోటారు బేరింగు కాలిపోయేది. రెండుసార్లు మార్పించి, బేరింగులు నాసిరకమని నివేదిక రాసి, మూడోసారి ఖరీదైన రకం తెప్పించమని కోరాను. ఆ రాత్రి షిఫ్టులో పదో తరగతి కూడా దాటని పెద్ద ఫిట్టరు ఒకరు నన్ను పిలిచి, మోటారు పాదం మీద, సన్నని కదలికనైనా ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి, ఒక్కొక్క బోల్టే వదులు చేస్తూ ముల్లు చూడమన్నారు. మూడు కాళ్ల దగ్గర ముల్లు కదలలేదు. నాలుగో కాలి బోల్టు వదులవగానే ఎగిరింది. ఆ కాలు బేస్‌కు ఆనడం లేదు. బోల్టు బిగించినప్పుడల్లా మోటారు చట్రమే వంగి, షాఫ్టు వరుస తప్పి, ఆ భారమంతా బేరింగు మీద పడుతోంది. “బేరింగుదేం తప్పులేదు సామీ, కాలు కుంటిది” అని, ఇత్తడి రేకు కత్తిరించి ఆ కాలి కింది సందులో షిమ్‌గా వేశారు. ఆ సీజను ముగిసేదాకా ఆ పంపు మళ్లీ ఆగలేదు.

2001లో మిషిగన్‌లో నా మొదటి ఇంటర్వ్యూలో, నా ఎమ్మెస్ థీసిస్ గురించి అడుగుతారని సిద్ధపడి వెళితే, ఎదుట కూర్చున్న మేనేజరు నేను సొంత చేతులతో బాగుచేసిన యంత్రం గురించి చెప్పమన్నారు. రసం పంపు కథ చెప్పాను. ఆయన కాగితం తీసి, నాలుగు కాళ్లు గీసి, ఇరవై నిమిషాలు నన్ను ప్రశ్నలతో తిప్పారు. ఉద్యోగం దానితోనే వచ్చింది. అందువల్ల మంచి చోటు ఏదని ఎవరు అడిగినా నా మొదటి కొలత ఒక్కటే: ఆగిపోయిన యంత్రం దగ్గరికి నిన్ను పంపుతారా, అక్కడ నీకు నేర్పే మనిషి ఉన్నారా? మొదటి మూడేళ్లకు ఇంతకుమించి చూడవలసింది జీతం కూడా కాదని నా గట్టి నమ్మకం.

ఈ కొలతతో చూస్తే మన తిరుపతి, చిత్తూరు ప్రాంతం మనం వదిలివచ్చిన నాటిది కాదు. తడ, సత్యవేడుల మధ్య 2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామిక నగరంలో ఆల్‌స్టమ్ తయారుచేసిన మెట్రో రైళ్లు సిడ్నీ నగరంలో తిరుగుతున్నాయి. కోబెల్కో ఎక్స్‌కవేటర్లు, ఇసుజు వాహనాలు, డైకిన్ ఏసీలు అక్కడే తయారవుతున్నాయి. సత్యవేడు మండలం మాదనపాలెంలో హీరో మోటార్‌సైకిళ్లు, వరదయ్యపాలెం మండలం చినపాండూరులో అపోలో టైర్లు ఉన్నాయి. రాచగున్నేరిలో కరిగిన ఇనుమును తిరిగే అచ్చులో పోసి డక్టైల్ పైపులు పోతపోస్తారు. పోత విద్య నేర్చుకోదలచినవారికి అది దగ్గరలో ఉన్న బడి. తిరుపతిలోనే రైల్వే క్యారేజీ మరమ్మతు కర్మాగారం ఉంది. శ్రీహరికోటలో ఉపగ్రహ వాహకాల కూర్పు, ఘన ఇంధన మోటార్ల తయారీ జరుగుతాయి. ఇస్రోలో ఇంజనీరుగా చేరాలంటే పరీక్ష రాయాలి, బీటెక్‌లో అరవై అయిదు శాతం ఉండాలి. ప్రైవేటు రాకెట్లు కూడా ఇప్పుడు అక్కడినుంచే ఎగురుతున్నాయి. 2022లో హైదరాబాదు సంస్థ స్కైరూట్, 2024లో చెన్నై సంస్థ అగ్నికుల్ అక్కడే తొలి ప్రయోగాలు చేశాయి. ఇక అమెరికా నుంచి తిరిగివచ్చిన గల్లా రామచంద్రనాయుడు గారు 1985లో కరకంబాడిలో అమరరాజాను ప్రారంభించిన సంగతి ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

వీటి లోటుపాట్లు కూడా ఆమెకు దాచకుండా చెప్పాను. మన దగ్గరి విదేశీ కంపెనీల ఫ్యాక్టరీల్లో చాలావాటికి డ్రాయింగు మాతృసంస్థ నుంచి వస్తుంది. ఇక్కడ దొరికే పని ఉత్పత్తి, నాణ్యత, మెయింటెనెన్స్. డిజైను చేయాలన్న కోరిక బలంగా ఉంటే మూడు నాలుగేళ్ల తరువాత చెన్నై, బెంగళూరు, పూణేలలోని ఇంజనీరింగ్ కేంద్రాలవైపు కదలవలసి ఉంటుంది. అయితే తయారీ ఎరిగిన డిజైనరుకు అక్కడ ఉండే గౌరవం వేరు. చేరేముందు నియామక పత్రం మీద ఉన్నది కంపెనీ పేరా, కాంట్రాక్టరు పేరా చూసుకోమన్నాను. ఏడాదిలో ఎన్ని విభాగాలు తిప్పుతారో, ఐదేళ్ల కిందట చేరినవారిలో ఎవరు మిగిలి ఉన్నారో, రాత్రి షిఫ్టుకు బస్సు ఇంటిదాకా వస్తుందో లేదో అడగమన్నాను. ఆ చివరి ప్రశ్న ఆడపిల్ల అడిగితే చిన్నచూపు చూస్తారేమోనని ఆమె సందేహించింది. శ్రీసిటీలో ఫోన్లు కూర్చే ఫ్యాక్టరీలో వేలమంది ఆడపిల్లలు చేరారంటే, ముందు ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడిగినందువల్లే కదా!

అమెరికా గురించి కూడా అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చదువు తరువాత పనిచేయడానికి మూడేళ్లు, అంటే 36 నెలలు దొరుకుతాయి. ఆ తరువాత ఏడాదికి 85,000 హెచ్‌-1బీ వీసాల పరిమితిలో లాటరీ తగలాలి. విమానాలు, రాకెట్లు అంటే ఎంత ఇష్టం ఉన్నా, రక్షణ సాంకేతికతకు వర్తించే ఐటార్ నిబంధనల వల్ల అక్కడి ఉద్యోగాల్లో చాలా భాగం గ్రీన్ కార్డు, పౌరసత్వం లేనివారికి మూసిన తలుపులే. ఏరోస్పేస్‌లో ఎమ్మెస్ చేసి ఈ గోడకు తగిలిన మన పిల్లలు ప్రతి ఏడూ నాకు ఫోన్ చేస్తారు. బయలుదేరేముందు ఈ ఒక్క ముక్క వారికి ఎవరూ చెప్పలేదు. తలుపులు తెరిచి ఉన్నవి డెట్రాయిట్ చుట్టూ ఉన్న కార్ల, విడిభాగాల సంస్థలు, ఇండియానాలో ఇంజన్లు తయారుచేసే కమ్మిన్స్ సంస్థ ఉన్న కొలంబస్ వంటి చిన్న ఊళ్లు. అక్కడికి చేతిపని తెలిసి వచ్చినవారు నిలదొక్కుకున్నంత సులభంగా పుస్తకంతో వచ్చినవారు నిలదొక్కుకోలేదన్నది నా కళ్లారా చూసిన విషయం.

ఇంటి సంగతి కూడా ఒకటి ఒప్పుకోవాలి. తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. 2010లో మన్నవరంలో ఎన్‌టీపీసీ, బీహెచ్‌ఈఎల్‌ల ఉమ్మడి కర్మాగారానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేసినప్పుడు, మా నాన్న పేపరు ముక్క కత్తిరించి, “నువ్విక వచ్చేయవచ్చు” అని వెనుక రాసి మిషిగన్‌కు పోస్టు చేశారు. ఆ ఫ్యాక్టరీ అనుకున్నట్టుగా నిలబడలేదు. ఆయన ఇప్పుడు లేరు. ఆ ముక్క నా బల్ల సొరుగులో ఉంది. అలాంటి ఆశలు పెట్టుకుని భంగపడినవారు ఫ్యాక్టరీ ఉద్యోగాన్ని నమ్మకపోతే వారిని నేనేమనగలను? కాని ఆ భయాన్ని సంబంధాల బేరంలోకి తెచ్చింది మనమే. శ్రీసిటీలో షిఫ్టు ఇంజనీరు అంటే పెదవి విరిచి, హైదరాబాదులో ఏ పనో తెలియని సాఫ్ట్‌వేర్ కొలువు అంటే తలూపే పెళ్లిచూపులకు డాలర్ల కొలబద్ద అందించింది మన ఇళ్లే. ఏడాదికొకసారి ఊరికి వెళ్లి, మేనల్లుడు ఫ్యాక్టరీలో చేరాడంటే, “అంత చదివి గ్రీజు పనా?” అన్నవాళ్లలో నేనూ ఒకడిని. ఆ అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాడు. సంతోషంగా ఉన్నావా అని అడగడానికి నాకు ధైర్యం చాలదు.

అందుకే మన కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే డిసెంబరు కార్యక్రమాల పట్టిక ఈ నెల సమావేశంలో ఖరారు కాబోతోంది. అందులో తిరుపతికి ఒక పూట అదనంగా ఇవ్వండి. ఆ పూట సభ వద్దు, శాలువాలు వద్దు. రెండు బస్సుల్లో మెకానికల్ విద్యార్థులను ఒక ఫ్యాక్టరీకి తీసుకువెళదాము. యంత్రం పక్కన నిలబడి మాట్లాడగల ఫిట్టర్లను, షిఫ్టు ఇంజనీర్లను అడిగి, వారి చేతికే మైకు ఇద్దాము. మన సభ్యుల్లో కార్ల కంపెనీల్లో, పంపుల కంపెనీల్లో, చమురు శుద్ధి కర్మాగారాల్లో పనిచేస్తున్నవారు తక్కువేమీ కాదు. వారు నెలకు ఒక శనివారం ఉదయం గంటసేపు ఈ పిల్లలతో ఫోనులో మాట్లాడడానికి పేర్లు ఇవ్వండి. మొదటి పేరు నాది రాసుకోండి. బస్సుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న ప్రశ్న సమావేశంలో వస్తుందని తెలుసు. ఈ ఏడాదికి అది నేను పెట్టుకుంటాను. ఆ బస్సులో మొదటి సీటు పలమనేరు అమ్మాయికి ఉంచుతానని ఆ చెట్టు కిందే మాట ఇచ్చి వచ్చాను. జూన్‌లో ఆమె అప్రెంటిస్‌గా ఎక్కడ చేరినా సరే, ఆ రోజుకు సెలవు పెట్టుకుని వస్తానంది.