62 సాంబారు మరకలు

మా కాలేజీలో బీబీఏ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ఒక ఆచారం ఉంది. టాపిక్ ఎంత దూరంలో ఉంటే అంత గొప్ప. మా బ్యాచ్‌లో ఒకడు తిరుమల తలనీలాల మీద రాస్తానన్నాడు. కల్యాణకట్టలో తీసిన జుట్టు ఈ-వేలంలో అమ్ముడై, విగ్గులై దేశాలు దాటి పోతుంది, ఇంతకంటే అంతర్జాతీయ వ్యాపారం ఇంకేముంది సార్ అని అడిగాడు. గైడ్ సార్ ఒప్పుకోలేదు. "ఆసియా అంటే ఆసియాలాగా ఉండాలయ్యా" అన్నారు. తిరుపతి ఏ ఖండంలో ఉందో అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

నాకు వచ్చిన టాపిక్ 'ఆసియా మార్కెట్లలో బహుళజాతి సంస్థల స్థానికీకరణ వ్యూహాలు'. అంటే బయటి కంపెనీ మన దగ్గరికొచ్చి మనవాడిలా ఎట్లా కలిసిపోతుంది అని. మొదటి మూడు అధ్యాయాలకు పెద్దగా కష్టపడలేదు. వాల్‌మార్ట్ 1998లో దక్షిణ కొరియాకు వెళ్ళింది. అమెరికాలో లాగే గోడౌన్ మాదిరి దుకాణాలు, ఎత్తయిన అరలు పెట్టింది. అక్కడివాళ్ళకు అవి నచ్చలేదు. 2006లో తన 16 దుకాణాలూ అక్కడి ఈ-మార్ట్ వాళ్ళకు అమ్మేసి వచ్చేసింది. అది వచ్చేసింది ఒక్కసారే గానీ, మా డిపార్ట్‌మెంట్ బీరువాలోని పాత ప్రాజెక్టుల్లో మాత్రం ఏటా ఇద్దరు ముగ్గురు సీనియర్ల చేతుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చేస్తూనే ఉంటుంది. ఈసారి నా చేతుల్లో. దాని పక్కనే చైనాలో గంజి అమ్మిన కేఎఫ్‌సీ, చల్లటి పాలు పోసుకోమంటే మనవాళ్ళు వేడివేడిగా పోసుకుని మెత్తబరిచిన కెలాగ్స్ కార్న్‌ఫ్లేక్స్. అన్నీ బీరువాలోవే.

చిక్కంతా నాలుగో అధ్యాయంతో వచ్చింది. ప్రైమరీ డేటా. వంద మందితో ఫారాలు నింపించాలి.

సరిగ్గా అప్పుడే చిత్తూరులో మా పెద్దమ్మవాళ్ళు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం పెట్టుకున్నారు. రెండు వందల మంది వస్తారు, భోజనాలయ్యే దాకా ఎక్కడికీ పోరు. ఇంత మంచి శాంపిల్ ఏ రీసెర్చర్‌కు దొరుకుతుంది! వంద ఫారాలు జిరాక్స్ తీయించుకుని పొద్దున్నే బస్సెక్కాను.

మొదటి ఫారం పెద్దమ్మకే ఇచ్చాను. నాలుగో ప్రశ్న దగ్గర ఆగింది. 'మీరు విదేశీ బ్రాండ్ల వస్తువులు వాడతారా?'

"మా ఇంట్లో అట్లాంటివేం లేవు నాయనా" అంది, బాటా చెప్పులు గుమ్మం పక్కన విడుస్తూ.

"బాటా విదేశీదే కదా పెద్దమ్మా. 1894లో యూరప్‌లో, జ్లీన్ అనే ఊళ్ళో పెట్టినారు."

"ఏందీ, బాటానా? మా నాయన వేసుకునేవాడు, మా తాత వేసుకునేవాడు. వాళ్ళు యూరప్ ఎప్పుడు పోయినారు?"

సబ్బు అడిగాను. లోపలికెళ్ళి లైఫ్‌బాయ్ కవరు తెచ్చి చూపించింది. దాని మీద హిందుస్తాన్ యూనిలీవర్ అని ఉంది. "చదువుకున్నోడివి, చదువు. హిందుస్తాన్ అని లేదా?" ఉంది. ఆ హిందుస్తాన్‌కు పుట్టిల్లు లండన్ అని చెప్పబోయేలోగా పెద్దనాయన కారు దగ్గర నుంచి వచ్చాడు. కారు సంగతెత్తాను. మారుతిలో ఎక్కువ వాటా జపాన్ సుజుకీది అన్నాను.

"మారుతి అంటే ఎవరురా?"

"ఆంజనేయస్వామి."

"ఆయన ఫారినా? పుట్టింది మన కొండమీద అంజనాద్రిలో. ఒక్కసారి లంకకు పోయొచ్చినాడు, అంతే."

ఆ తర్వాత నేను ఎవరితోనూ వాదించలేదు. ఫారాలు పంచేసి మొదటి బంతిలో కూర్చున్నాను.

సాయంత్రానికి 62 తిరిగొచ్చాయి. మిగతావి ఏమయ్యాయో కళ్ళారా చూశాను. కొన్ని విసనకర్రలయ్యాయి. కొన్ని పిల్లల చేతుల్లో రాకెట్లయ్యాయి. ఒకటి మాత్రం ఊగుతున్న కుర్చీ కాలు కింద నాలుగు మడతలై బుద్ధిగా కూర్చుంది. వచ్చిన 62లోనూ చేతులు కడగకముందే నింపినవే ఎక్కువ. సాంబారు మరక లేని కాగితం వెతికినా దొరకలేదు. ఒకదాని మీదైతే మునక్కాడ ముక్క అచ్చు దిగినట్టు పడింది. అన్నింటిలోనూ నాలుగో ప్రశ్నకు జవాబు ఒక్కటే: వాడము.

మిగిలిన 38 ఆ రాత్రి హాస్టల్లో నేనే నింపాను. తప్పే, ఒప్పుకుంటున్నాను. మూడు రంగుల పెన్నులు మార్చాను, కొన్ని ఎడమచేత్తో కూడా రాశాను. అందరూ వాడమంటే ప్రాజెక్టు నిలబడదు కాబట్టి ఆ 38 మందీ విదేశీ బ్రాండ్లు తెగ వాడతారు. రాత్రి రెండు గంటలప్పుడు కొత్త వయసులేం తోచక అందరికీ 21 ఏళ్ళు వేశాను. రెండు విషయాలకు సంబంధం ఉందో లేదో లెక్క తేల్చే కై-స్క్వేర్ టెస్ట్ పక్క గదివాడు కొట్టి పెట్టాడు. వయసుకూ విదేశీ బ్రాండ్లకూ సంబంధం భలే బలంగా తేలింది. తేలక ఏమవుతుంది?

వైవా రోజు మా నలభై మందీ తలా వంద వేసుకుని ఎక్స్‌టర్నల్‌కు, అంటే బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు, శాలువా, పళ్ళు తెచ్చాం. వచ్చిన సార్ చిత్తూరాయన. నా ప్రాజెక్టులో 'సర్వే ప్రాంతం: చిత్తూరు పట్టణం' అని చూడగానే కళ్ళజోడు సర్దుకున్నారు.

"మా ఊళ్ళో 62 శాతం మంది విదేశీ వస్తువులు వాడరా? మరి పళ్ళు దేంతో తోముకుంటారు?"

"కోల్గేట్‌తో సార్."

"అదెక్కడిది?"

"అమెరికా... శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉంది సార్."

గైడ్ సార్ కిటికీలోంచి శేషాచలం కొండల వైపు చూస్తున్నారు. ఎక్స్‌టర్నల్ ఫారాల కట్ట తెప్పించుకుని ఒక్కొక్కటే తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ రెండు కట్టలు చేశారు. ఎడమ పక్క పసుపు పచ్చ కట్ట, కుడి పక్క తెల్ల కట్ట. గదిలో ఇంగువ వాసన లేచింది.

"విదేశీ బ్రాండ్లు వాడేవాళ్ళు ఒక్క చుక్క కూడా ఒలకబోసుకోరన్నమాట. ఇది నీ ఫైండింగ్స్‌లో లేదే?"

నేను నేల చూపులు చూస్తున్నాను. ఆయన పసుపు కట్టలోంచి ఒకటి తీసి, చివర్న 'మీ సూచనలు' అన్న గడి పైకి చదివారు. "వంకాయ కూరలో ఉప్పు చాలలేదు." ఇంకొకటి తీశారు. "వడ గట్టిగా ఉంది." మరొకటి. "రెండో బంతికి పాయసం అందలేదు. గమనించగలరు."

"ఈ సూచనలన్నీ ఏ బహుళజాతి సంస్థకయ్యా?"

అక్కడితో నిజం చెప్పేశాను. ఆయన తిడతారనుకున్నాను గానీ, తెల్ల కట్ట చింపమని నాకే ఇచ్చి, పసుపు కట్టను మాత్రం జాగ్రత్తగా టేబుల్ మధ్యలో పెట్టారు. నిజంగా గెలిచిన కంపెనీలన్నీ ఇందులోనే ఉన్నాయి, నీకు కనపడలేదు అన్నారు. నాలుగో అధ్యాయం మళ్ళీ రాయాలి. వాళ్ళనే మళ్ళీ అడగాలి. విదేశీవా అని కాదు, ఇంట్లో ఏమేం ఉన్నాయని అడగాలి. నెల టైమిచ్చారు.

బయటికొచ్చి పెద్దమ్మకు ఫోన్ చేశాను. అందరినీ మళ్ళీ ఒకచోటికి పిలవాలి, ఏదైనా దారి ఉందా అని.

"వచ్చే పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం, అందరూ వస్తారులే. ఔ నాయనా, వంట గురించి ఏందో రాసిచ్చినారంట కదా ఆ కాగితాల్లో? ఒకసారి నాకు పంపించు. వంటమాస్టర్‌కు ఇంకా బాకీ ఇయ్యలేదు."