రాని పిల్ల గురించి అడిగే మనిషేరి?

ఉదయం ప్రార్థన అయిపోగానే క్లాస్ టీచర్ ఫోన్ తీసి హాజరు యాప్ తెరుస్తారు. నలభై పేర్లు. వచ్చినవాళ్ళకో గుర్తు, రానివాళ్ళకో గుర్తు. ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మూడు వారాలుగా సోమవారం, గురువారం రావడం లేదన్న సంగతి ఆ యాప్‌లోనే ఉంది. ఆ రెండు రోజులూ లెక్కల స్లిప్ టెస్టు అన్న సంగతి గోడ మీది టైంటేబుల్‌లో ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఆ పిల్లను పిలిచి కూర్చోబెట్టుకునే మనిషి బడిలో లేరు. ఇలాంటి పేరు మన హైస్కూళ్ళలో ఏ తరగతిలో వెతికినా ఒకటైనా దొరుకుతుంది.

మన దగ్గర హాజరంటే ముందు గుర్తొచ్చేది శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడికి 75 శాతం హాజరు షరతు పెట్టినప్పటి నుంచి ఆ అంకె ఇంటింటా నానింది. ఆ షరతును మేం తప్పు పట్టడం లేదు. పిల్ల ఎన్ని రోజులు రాలేదో శాతం చెబుతుంది, ఎందుకు రాలేదో చెప్పదు. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో మిరప కోతలు మొదలయ్యాక కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వలస పోతాయి, పిల్లలూ వెంట పోతారు. ఇంకోచోట మరుగుదొడ్లో నీళ్ళు లేక నెలకు నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయే ఆడపిల్ల. మరోచోట తల్లి కూలికి పోతే చంటివాణ్ణి చూసుకునే అక్క. వీళ్ళ పక్కన, బడి పేరెత్తితే కడుపునొప్పి వచ్చే పిల్లవాడు. పట్టీలో అందరికీ ఒకటే గుర్తు.

ఆ కడుపునొప్పి దగ్గర కాస్త ఆగాలి. పొద్దున ఏడింటికి మొదలవుతుంది. తలనొప్పి, వాంతి కూడా తోడవుతాయి. బడి వేళ దాటిపోయి పది గంటలయ్యేసరికి తగ్గిపోతుంది. ‘చూశావా, అన్నీ నాటకాలు’ అంటారు ఇంట్లో. నాటకం కాదు. భయాన్ని మాటల్లో చెప్పడం రాని వయసులో ఒళ్ళే దాన్ని చెబుతుంది. ఇంట్లో ఉండిపోయిన రోజు ప్రాణం తేలికపడుతుంది, ఆ తేలికే మర్నాడు బడికి పోవడాన్ని మరింత బరువు చేస్తుంది. అందుకే మొదటి వారంలో పట్టించుకుంటే నాలుగు మాటలతో పోయేది, రెండో నెలకు బడి మానేయడం దాకా వస్తుంది.

అప్పుడు కూడా మనం అడిగే తీరు ఎలా ఉంటుంది? ‘ఏమే, నిన్న ఎక్కడ చచ్చావ్?’ అని నలభైమంది ముందు నిలబెట్టి అడగడం ఒక పద్ధతి. తరగతి అయ్యాక వరండా చివర కూర్చోబెట్టి, ‘సోమవారం సోమవారం రావట్లేదు, ఆ రోజు ఏమైనా ఇబ్బందిగా ఉంటోందా అమ్మా?’ అనడం ఇంకో పద్ధతి. మొదటిదాని తర్వాత ఆ పిల్ల మంగళవారం కూడా రాదు. రెండోదానికి ఓపిక కావాలి, తీరిక కావాలి, శిక్షణ కావాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు కూడా యాప్‌లలో ఎక్కించాల్సి వచ్చిన టీచర్ల దగ్గర ఆ తీరిక ఎక్కడ మిగులుతుంది?

ప్రతి బడి నుంచి ఒక ఉపాధ్యాయుణ్ణి, ఒక ఉపాధ్యాయినిని ఆరోగ్య రాయబారులుగా తీర్చిదిద్దే కార్యక్రమాన్ని కేంద్రం 2020లో మొదలుపెట్టింది. మంచి ఆలోచనే. కానీ మార్కులు వేసే మనిషికే మనసులో మాట చెప్పమంటే పిల్లలు చెప్పరు. ఇంట్లో బాబాయి మీద భయమున్న పిల్ల, ఆ బాబాయితో కలిసి టీ తాగే మాస్టారికి చెప్పదు. మార్కులతో, ఊరి బంధాలతో పనిలేని పెద్దమనిషి ఒకరు బడికి కావాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అదే చట్టం షెడ్యూలులో వందమంది దాటిన ప్రాథమికోన్నత బడికి చిత్రలేఖనానికి, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్ టైం బోధకులుండాలని ఉంది. కౌన్సెలర్ మాట మాత్రం లేదు.

ఉన్నచోట కూడా ఆ పదం దగ్గరే చిక్కు. తెలుగునాట కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) సీట్ల కేటాయింపు, లేదంటే పోలీస్ స్టేషన్‌లో రౌడీషీటర్లకు ఇచ్చేది. ‘మీ అబ్బాయికి కౌన్సెలింగ్ కావాలండి’ అని కబురొస్తే తండ్రి గుండె జారిపోతుంది. మావాడు ఏం తప్పు చేశాడండీ అంటాడు, లేకపోతే మావాడేమైనా పిచ్చోడా అంటాడు. ఆ తండ్రిని తప్పుపట్టి లాభం లేదు. ఆ మాటకు మంచి అర్థం ఉందని ఆయనకు చూపించినవాళ్ళు లేరు.

సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు మన గడప నుంచే వెళ్ళింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023 జూలైలో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తూనే జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. స్టార్ బ్యాచ్ ఫొటోలతో నాలుగురోడ్ల కూడళ్ళలో ఫ్లెక్సీలు కట్టే మన ఊళ్ళకు ఇందులో ప్రతి వాక్యం తగులుతుంది.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్నది జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. పరీక్ష తప్పడమే కారణమని రాసుకున్నవి 2,248. ఒక్క పరీక్షతోనే ఏ ప్రాణమూ పోదు, దాని వెనక నెలల ఒంటరితనం ఉంటుంది. తెలంగాణలో 2019 ఇంటర్ ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. అంతకుముందు ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే విద్యార్థుల ఆత్మహత్యలపై నీరదారెడ్డి కమిటీ వేశారు. 2017లో ఆంధ్రప్రదేశ్‌లో చక్రపాణి కమిటీ వేశారు. కమిటీలకు కొరత లేదు. వాటి నివేదికలు అల్మరాల్లోకి చేరాక మన కాలేజీ హాస్టళ్ళలో స్టడీ అవర్లు ఏమీ తగ్గలేదు.

చిన్న తరగతుల నుంచే ఈ బరువు మొదలవుతోంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా 3,79,842 మంది విద్యార్థులతో ఎన్‌సీఈఆర్‌టీ చేసిన సర్వే 2022లో వెలువడింది. చదువు, పరీక్షలు, ఫలితాలే తమ ఆందోళనకు కారణమని 81 శాతం మంది చెప్పారు. ఇంటర్‌కు వచ్చాక కౌన్సెలర్‌ను వెతికితే ఆలస్యమే.

ప్రతి బడికీ ఒకరంటే ఖజానా తట్టుకోదని అధికారులు అంటారు. సరే, జాతీయ విద్యావిధానం 2020 చెప్పిన దారి ఒకటుంది. పిల్లలంతా బడిలో ఉండేలా చూడటానికి, దగ్గరదగ్గర బడుల్ని కలిపిన పాఠశాలల సముదాయాలకు కౌన్సెలర్లను, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లను జోడించాలని, వారు పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ కలిసి పనిచేయాలని అందులో రాసుంది. హాజరునూ మనసునూ ఒకే చేతిలో పెట్టిన ఆ వాక్యం మాకు నచ్చింది. సముదాయానికి ఒకరిని వేస్తే ఏ బడిలో ఏ రోజు ఉంటారో పిల్లలకు తెలిసేలా బోర్డు మీద రాయవచ్చు. మన విశ్వవిద్యాలయాల్లో సైకాలజీ, సోషల్ వర్క్ చదివి సంబంధం లేని కొలువులు వెతుక్కుంటున్న యువతకు ఇదే పని. ఎనిమిది నెలల కాంట్రాక్టు మీద తీసుకుని వేసవిలో ఇంటికి పంపే ఏర్పాటైతే వద్దు. నమ్మి చెప్పిన మనిషి మరుసటేడు కనిపించకపోతే ఆ పిల్ల ఇంకొకరికి చెప్పదు.

వలస పోయే పల్లెల్లో సీజనల్ హాస్టళ్ళు కోతలు మొదలవకముందే తెరవాలి. మరుగుదొడ్లో నీళ్ళు రావాలి. ఇవీ పిల్లల మానసిక ఆరోగ్యంలో భాగమే, వీటికి సైకాలజిస్టు అక్కర్లేదు.

మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్‌లో సాయం చేసేందుకు కేంద్రం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులోనే మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. ఈ నంబరు పెద్ద అక్షరాలతో పిల్లలు నీళ్ళు తాగేచోట, హాస్టల్ మెట్ల దగ్గర ఉండాలి. హెడ్మాస్టర్ గదిలో బీరువా వెనక కాదు.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలనూ మేం కోరుతున్నది ఇదీ. వచ్చే జూన్ 12న బడులు తెరిచేలోపు, ఏ మండలంలో ఏ సముదాయానికి ఏ కౌన్సెలర్‌ను కేటాయించారో జాబితా బయటపెట్టండి. వరుసగా మూడు రోజులు రాని పిల్ల పేరు సాయంత్రానికి ఆ మనిషి ఫోన్‌కు చేరేలా హాజరు యాప్‌ను మార్చండి. నాలుగో రోజు పొద్దున ఆ ఇంటి ముందు ఎవరో ఒకరు నిలబడి, ‘అమ్మా, పాప బాగుందా?’ అని అడగాలి.