జబ్బా కుర్చీ, మా తాతయ్య కుర్చీ

నిన్న మధ్యాహ్నం జరిగింది. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. మాటలు కుదురుగా రాకపోతే సర్దుకోండి.

విజయవాడ నుంచి బావగారు గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటికి భోజనానికి వచ్చారు. గోంగూర పచ్చడితో మూడుసార్లు అన్నం పెట్టించుకుని, నా పక్కన టీవీ ముందు చేరారు. స్టార్ వార్స్ కథల్లోని 'మాండలోరియన్' ధారావాహిక రెండో సీజన్ చివరి ఘట్టం నడుస్తోంది. చచ్చిపోయిన దొంగల నాయకుడు జబ్బా సింహాసనం మీద బిబ్ ఫార్చునా, మెట్ల మీద కిరాయి వేటగాడు బోబా ఫెట్. (పదోసారి చూస్తున్నాను, అది వేరే మాట.) సరిగ్గా అప్పుడే బావగారు రిమోట్ లాక్కున్నారు. "ఈ వయసులో నీకు ఈ బొమ్మల కథలేమిటయ్యా, ఆకాశంలో దొంగలకు కుర్చీల గొడవ ఒకటా!" అంటూ వార్తల చర్చ పెట్టారు. అందులో ఆరుగురు కుర్చీల గురించే అరుచుకుంటున్నారు. అది మాత్రం పెద్దమనుషుల కార్యక్రమం.

బిబ్ ఫార్చునా ఎవరో తెలుసా బావగారూ? 1983 నాటి స్టార్ వార్స్ సినిమాలో జబ్బా చెవి దగ్గర వంగి, వచ్చిన వాళ్ల సంగతులు విన్నవించేవాడు. తల నుంచి రెండు కండ తోకలు వేలాడుతుంటాయి. రాకుమారి లేయా గొలుసుతో జబ్బా గొంతు బిగించి చంపాక ఆ సింహాసనం ఎవరికి దక్కింది? వీరుడికా? దాయాదికా? చెవిలో గుసగుసలాడిన వాడికి. 2020 డిసెంబరులో మళ్లీ చూపించేసరికి ఆ సన్నటి మనిషి కుర్చీ నిండా ఊరిపోయి ఉన్నాడు. బోబాను చూసి లేని నవ్వు తెచ్చుకుని పలకరిస్తుండగానే తుపాకీ పేలింది. శవాన్ని పక్కకు లాగేసి బోబా కూర్చున్నాడు. అదంతా కాసేపట్లో అయిపోతుంది. ఆ కాసేపే నాకు దక్కలేదు.

ఆ తర్వాత బోబా పేరుతోనే తీసిన ధారావాహికను నేను వెనకేసుకు రాను. ఉన్నవి ఏడు భాగాలు, ఐదో దాంట్లో అతడు అసలు కనిపించడు! జబ్బా దాయాదులైన కవలలు పల్లకీలో ఊరేగుతూ వచ్చి, ఇదంతా మాదే అని, చివరకు ఒక పెద్ద రాకాసి జంతువైన రాంకోర్‌ను కానుకగా ఇచ్చి వెళ్లిపోతారు. ఆస్తి కోసం వచ్చిన దాయాది కానుక ఇచ్చి పోవడం గుంటూరు జిల్లాలో ఎవరైనా చూశారా? పైగా భయపెట్టి కాదు, మర్యాదతో ఏలుతానంటాడు బోబా. ఒకపక్క పైకులనే ముఠావాళ్లు ఊళ్లోకి స్పైస్ దించుతుంటే మర్యాదట! (అది మత్తుమందు. పేరు విని "మన మిర్చియార్డు సరుకేనా" అని బావగారు ఒకసారి అడిగారు. ఆయన హాస్యం అంతవరకే.)

తెలివంటే 2018 నాటి 'సోలో' సినిమాలో కీరా అనే అమ్మాయిది. యజమాని డ్రైడెన్ వోస్‌ను తానే చంపి, అతని ఉంగరంతోనే పైవాడైన మౌల్‌కు కబురు చేసి, చంపింది బెకెట్ అనే దొంగ అని చెప్పింది. ఉంగరం ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పిందే లెక్క.

మా ఇంట్లో అది ఉంగరం కాదు, నల్ల అట్ట పుస్తకం. తాతయ్య మిర్చియార్డులో కమిషన్ దుకాణం నడిపేవారు. ఆయన గుమస్తా ముప్పై ఏళ్లు గోడవారన నిలబడే ఉన్నాడు. ఏ రైతుకు ఎంత బాకీ, ఎవరి మిర్చి టిక్కీలు (బస్తాలు) ఏ కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి, ఎవరి సరుకులో తాలు కాయ కలిసింది, అన్నీ ఆ పుస్తకంలోనే. పెద్దకర్మ అయ్యాక తెరిచి చూస్తే మాకు రావలసింది ఏమీ లేదు, మేమే అతనికి బాకీ! బాబాయి అరిచాడు, నాన్న తల దించుకున్నారు. అప్పుడు "గుమస్తా లెక్క తప్పు రాయడు, సంతకం పెట్టేయండి మావయ్యగారూ" అన్నదెవరు? ఈ బావగారే. అక్కతో పెళ్లయి మూడు నెలలైనా కాలేదు.

తాతయ్య చేతుల కుర్చీ ఇప్పుడు గుమస్తాది. కారం అంటి అంటి దాని కుడి చేతి చెక్క ఎర్రబడిపోయింది. వీపు మీద అతని తువ్వాలు. నేను అటువైపు వెళ్తే "రా బాబూ, టీ తాగి వెళ్లు" అంటాడు. మర్యాదతో ఏలడమంటే ఇదే కాబోలు!

రాత్రి ఫోను చేసి అడిగితే బావగారికి ఆ సంతకం సంగతే గుర్తు లేదట. "పాత విషయాలెందుకు, పచ్చడి మిగిలితే తీసి ఉంచు, వచ్చే ఆదివారం వస్తాను" అన్నారు.

రిమోట్ బియ్యం డబ్బాలో పెట్టాను.