పగుళ్ల బొమ్మ సరే, రాయి సంగతేంటి?

గని బ్లాస్టింగ్‌ను లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌లో పేల్చిన బెంచ్ (మెట్టులా కోసిన రాతి అంచె) ఎప్పుడూ అందంగానే ఉంటుంది: మందు నింపిన హోల్ చుట్టూ ఎర్రటి వలయం, అందులోంచి వేళ్లలా పాకిన పగుళ్లు. ఆ బొమ్మ చూసి బర్డెన్ (హోల్‌కూ బెంచ్ అంచుకూ మధ్య దూరం), స్పేసింగ్ (హోల్‌కూ హోల్‌కూ మధ్య దూరం) ఖరారు చేసేస్తేనే చిక్కు.

పేలుడు పదార్థం వైపు లెక్క పెద్దగా తప్పదు. 1.15 సాంద్రత గల ఎమల్షన్ (గనుల్లో వాడే పేలుడు మందు) సెకనుకు 5,000 మీటర్ల వేగంతో పేలితే డిటొనేషన్ పీడనం సుమారు 7 గిగాపాస్కల్స్. హోల్ గోడ మీద పడేది దాదాపు అందులో సగం. ఇసుకరాయిని లాగి తెంచడానికి కొద్ది మెగాపాస్కల్స్ చాలు. కాబట్టి ఏ మోడల్‌లోనైనా పగుళ్లు వస్తాయి. అవి వచ్చాయని మోడల్ సరైనదైపోదు.

తప్పేది రాయి దగ్గర. ల్యాబ్‌లో నలిపిన 54 మిల్లీమీటర్ల కోర్‌లో (డ్రిల్ చేసి తీసిన రాతి కడ్డీలో) జాయింట్లు, అంటే రాయిలో సహజంగా ఉండే చీలికలు, ఉండవు. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీదుండే ఇసుకరాయిలో పొరలూ జాయింట్లూ ఉంటాయి. తెరుచుకున్న జాయింట్ దగ్గర తరంగం వెనక్కి తిరుగుతుంది, గ్యాస్ ఆ సందుల్లోంచే జారిపోతుంది. ఇదంతా వదిలేసి, పేలాక తీసిన ముక్కల ఫోటోకు సరిపోయేదాకా మోడల్‌లో రాయి తన్యత బలాన్ని (లాగితే తెగకుండా తట్టుకునే బలాన్ని) తగ్గిస్తూ పోతే ఆ ఒక్క బ్లాస్ట్‌కు కుదురుతుంది, పక్క బెంచ్‌లో బెడిసికొడుతుంది.

మెష్, అంటే లెక్క కోసం రాయిని విడగొట్టే గడుల వల, దాని సంగతి వేరే. 10×8×15 మీటర్ల దిమ్మెను 5 సెంటీమీటర్ల గడులుగా కోస్తే 96 లక్షల ఎలిమెంట్లు. గడిని సగం చేస్తే అవి ఎనిమిది రెట్లవుతాయి, టైమ్‌స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిపే కాలం) సగమవుతుంది, అంటే పని పదహారు రెట్లు. అందుకే చాలామంది 2డీ అడ్డకోతతో సరిపెడతారు. అందులో మందు మొత్తం ఒక్కసారే పేలినట్టు లెక్క. నిజానికి 7 మీటర్ల మందు అడుగు నుంచి పైదాకా పేలడానికి 1.4 మిల్లీసెకన్లు పడుతుంది.

పక్కపక్క హోల్స్ తరంగాలు కలిసి రాయిని మరింత చిన్న ముక్కలు చేస్తాయన్న వాదన నాకు మింగుడుపడదు. సెకనుకు 3,000 మీటర్లు పోయే తరంగం 5 మీటర్ల స్పేసింగ్‌ను 2 మిల్లీసెకన్లలోపే దాటేస్తుంది. 25 మిల్లీసెకన్ల డిలేతో (ఒక హోల్ తర్వాత ఇంకోటి పేలే విరామంతో) రెండో హోల్ పేలేసరికి అది ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

మోడల్‌ను ముందుగా హోల్‌లో కొలిచిన డిటొనేషన్ వేగంతో, 10-15 మీటర్ల దూరంలో కొలిచిన కంపనంతో సరిచూడాలి. ఆ తర్వాత కూడా దాన్ని అడగాల్సింది ‘ముక్క సైజు ఎంత’ అని కాదు, ‘స్టెమ్మింగ్ (మందు పైన హోల్‌ను మూసే పూడిక) అర మీటరు తగ్గిస్తే పైన బండలు తగ్గుతాయా, ఫ్లైరాక్ (దూరంగా ఎగిరిపడే రాళ్లు) పెరుగుతుందా’ అని.