పరీక్షకే పరీక్ష పెడతాడట!

హనుమకొండ నయీంనగర్ నుంచి హంటర్ రోడ్డు దాకా ఎటు చూసినా మేధావులే. ఎవరి మేధస్సు ఎంతో ఎవరికీ అనుమానం రాకుండా, ప్రతి ముఖం కింద ర్యాంకు కూడా అచ్చు వేయించి కరెంటు స్తంభాలకు కట్టుకున్నాం. ఇంత ప్రశాంతంగా బతుకుతున్న ఊళ్లో ఒక రీసెర్చ్ స్కాలర్ అలజడి రేపుతున్నాడు. అతని సబ్జెక్టు విద్యా మాపనం, సైకోమెట్రిక్స్. పిల్లల్ని కొలిచే పరీక్షలను పట్టుకుని, అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో కొలవడం అతని పని.

ముందుగా ఆ తల్లిదండ్రుల పట్ల నా సానుభూతి. పెళ్లి సంబంధాల దగ్గర 'అబ్బాయి ఏం చేస్తాడు' అని అడిగితే 'పరీక్షలకు పరీక్ష పెడతాడు' అని ఎలా చెప్పుకుంటారు? సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటున్నారట. పూర్తి అబద్ధమేమీ కాదు, రోజంతా ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుని ఉంటాడు.

ఇక అతని నేరాలు. ప్రతి మార్కులోనూ రెండు భాగాలుంటాయట: విద్యార్థి అసలు సత్తా కొంత, పొరపాటు కొంత. స్పియర్‌మన్ అనే ఇంగ్లిష్ ఆయన 1904లో మొదలుపెట్టిన గొడవ ఇది. ఒక పరీక్ష విశ్వసనీయత, అంటే మళ్లీ పెట్టినా ఫలితం ఎంత నిలకడగా ఉంటుందో చెప్పే అంకె, ఒకటికి 0.9 అనుకుందాం. అంటే చాలా మంచి పరీక్షే. మార్కుల ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 20 అనుకుందాం. లెక్క వేస్తే ఒక్కొక్కరి మార్కు మీద సుమారు ఆరు మార్కులు అటూ ఇటూ ఊగుతుంటాయి. ఇంజినీరింగ్ ఎంట్రన్సుకు రెండు లక్షల మందికి పైగా కూర్చుంటే, మధ్యలో కిక్కిరిసి ఉండేచోట ఒక్క మార్కుకే వేల ర్యాంకులు మారిపోతాయి. కాబట్టి పదివేల ర్యాంకు వచ్చిన పిల్ల, పన్నెండు వేల ర్యాంకు వచ్చిన పిల్లకంటే తెలివైనదని గట్టిగా చెప్పలేమంటాడు. ఆ రెండు వేల మధ్య ఒక కాలేజీ సీటు, ఒక ఎడ్యుకేషన్ లోను, ఒక మేనమామ మౌనం ఉన్నాయి. అవన్నీ పొరపాటే అంటే కుటుంబాలు నిలబడతాయా?

అక్కడితో ఆగితే బాగుండేది. తెలిసిన కాలేజీ వాళ్లు ఫ్లెక్సీలో ఇంగ్లిషు తప్పులు చూడమని పిలిస్తే, ప్రతి టాపర్ మార్కు పక్కన 'ప్లస్ ఆర్ మైనస్ ఆరు' అని చేర్చమన్నాడు. ఫ్లెక్సీ షాపు అతను లోకజ్ఞానం ఉన్నవాడు. "ప్లస్ వరకు వేస్తా సార్, మైనస్ ఎందుకు? పండగపూట" అన్నాడు. ఈ సమస్యకు నూట ఇరవై ఏళ్లుగా శాస్త్రజ్ఞులకు తట్టని పరిష్కారం అది.

జేఈఈ మెయిన్ వాళ్లను చూసైనా నేర్చుకోవద్దా? రకరకాల షిఫ్టుల్లో రాసిన లక్షల మందిని నార్మలైజ్ చేసి, పర్సంటైల్‌ను ఏడు దశాంశ స్థానాల దాకా ఇస్తారు. ఏడో దశాంశం దగ్గర కనిపించే తేడా పిల్లల బుర్రలో ఏ మూల ఉందో చూపించమంటాడు ఇతను. దశాంశాలు ఒకే స్కోరు దగ్గర జనం గుంపు కట్టకుండా విడదీస్తాయి గానీ, వాటితో కొలత కచ్చితం కాదంటాడు. మరి మేము అన్నిసార్లు జూమ్ చేసి చూసుకున్న స్క్రీన్‌షాట్ సంగతేంటి?

మన ఎప్‌సెట్‌ను కూడా వదల్లేదు. ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, నెగెటివ్ మార్కులు లేవు. ప్రశ్న చదవకుండా మౌస్ నొక్కుకుంటూ పోయినా సగటున 40 వస్తాయి. అర్హత మార్కు 25 శాతం, అంటే సరిగ్గా 40! ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ నిబంధన కూడా లేదు. అంటే ఏమీ చదవని వాళ్లను వెయ్యి మందిని తెచ్చి కూర్చోబెడితే సగానికి పైగా అర్హత సాధిస్తారని అతను లెక్క కట్టాడు. దీన్ని అతను లోపమంటున్నాడు. నేను సామాజిక న్యాయమంటాను. దేవుడి మీద భారం వేసి రాసేవాళ్లకు భద్రకాళి అమ్మవారి సన్నిధిలోని ఈ నగరంలో ఆ మాత్రం గుర్తింపు ఉండాలి.

2019 సంగతి అతను పదేపదే ఎత్తుతాడు. ఆ ఏడాది ఇంటర్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లా అమ్మాయి ఒకరికి తెలుగులో సున్నా వచ్చింది. తిరిగి చూస్తే 99. ఆమె అసలు సత్తా 99, కనబడిన మార్కు సున్నా, మిగిలినదంతా పొరపాటు, పాఠ్యపుస్తకంలో పెట్టుకోదగ్గ ఉదాహరణ అంటాడు. ఆ ఏడాది ఫలితాల తర్వాత ఇళ్లలో జరిగినవాటి మీద వ్యంగ్యం రాసే చెయ్యి నాకు లేదు. ముందుకు పోతాను.

ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి చూడమని నాకే సలహా ఇచ్చాడొకసారి. సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు పత్తిలో తేమ చూస్తారు కదా, 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర, 12 దాటితే కొనరు. మీటరు 13 చూపిస్తే రైతు ఊరుకుంటాడా? "అడుగున పెట్టినవ్ సారూ, పొద్దుగాల మంచుకు తడిసింది. ఈడ పెట్టి సూడు" అంటాడు. రెండుచోట్ల పెట్టిస్తాడు, అవసరమైతే మీటరే మార్పిస్తాడు. బడికి వెళ్లని రైతుకు తెలిసిన ఈ సంగతి, ఆయన కొడుకు ర్యాంకు దగ్గరకొచ్చేసరికి ఎందుకు గుర్తురాదని స్కాలర్ ప్రశ్న. నేను జవాబు చెప్పలేదు. ఇలాంటి ప్రశ్నలు సిలబస్‌లో లేవు.

అన్నిటికన్నా పెద్ద గొడవ ఒక కాలేజీ వీకెండ్ టెస్టు దగ్గర జరిగింది. మన కాలేజీల్లో శనివారం పరీక్ష, ఆదివారం వాట్సాప్ గ్రూపులో ర్యాంకు షీటు, సోమవారం సెక్షన్ల మార్పిడి. ఇతను ఆ షీట్లు తీసుకుని ప్రశ్నలవారీగా లెక్క వేశాడు. ఫిజిక్స్‌లో ఒక ప్రశ్నకు మొత్తం మీద బాగా రాసినవాళ్లంతా తప్పు జవాబు పెట్టారు, వెనకబడినవాళ్లు సరైన జవాబు పెట్టారు. ఇలా ఉంటే చాలాసార్లు కీ తప్పయి ఉంటుందని, ఒకసారి చూడమని ప్రిన్సిపాల్‌కు చెప్పాడు. ప్రిన్సిపాల్ షీటు చాలాసేపు చూసి, "తమ్మీ, మంచి పని చేసినవ్. స్టార్ బ్యాచ్ పోరగాళ్లకు శ్రద్ధ తగ్గిందని నేను ముందే అనుకున్న" అని, వాళ్లందరినీ కింది సెక్షన్‌కు దించేశాడు. కీ మాత్రం క్షేమంగా ఉంది. ఎవరి లెక్క తప్పినా కీ తప్పకూడదన్నదే కదా మన విద్యావ్యవస్థకు పునాది.

ఫ్రాన్సులో 1905లో బినే, సిమోన్ అనే ఇద్దరు మొదటి తెలివితేటల పరీక్ష తయారుచేశారట. అదనపు సాయం కావాల్సిన పిల్లలెవరో కనిపెట్టడానికి చేశారట. వెనకబడ్డవాణ్ని కనిపెట్టి సాయం చేస్తారా! వాడికి వెనక బెంచీ ఉండగా! అమాయకులు.

పక్షపాతం లేకుండా చెప్పాలంటే ఈ పరిశోధకుల ఇంట్లోనూ గుట్టు ఉంది. 1951లో క్రాన్‌బాక్ ఆల్ఫా అనే సంఖ్యను ప్రచారంలోకి తెచ్చాడు, పరీక్షలోని ప్రశ్నలన్నీ ఒకే మాట మీద ఉన్నాయా లేదా అని చూడటానికి. ఇప్పుడు అది 0.70 దాటితే గైడు సంతకం పెడతాడు, దాటకపోతే దాటేదాకా ప్రశ్నలు తీసేస్తారు. డేటా ఎలా వస్తుందో కూడా తెలుసు. మధ్యాహ్న భోజనం అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో టీచర్ల చేతికి ప్రశ్నావళి ఇస్తారు. 'పూర్తిగా అంగీకరిస్తున్నాను' గడి మీద పై నుంచి కింది దాకా ఒకే గీత గీసి ఇచ్చేస్తారు. అన్ని జవాబులూ ఒకేలా ఉన్నాయి కాబట్టి 'టీచర్లలో ఏకాభిప్రాయం' అని ఒక అధ్యాయం. మా స్కాలర్ అలాంటి ప్రశ్నావళులను పక్కన పెట్టేశాడట. అందుకే అతని థీసిస్ ఇంకా పూర్తికాలేదు.

ఒకే పరీక్ష మళ్లీ పెడితే ఫలితం నిలకడగా ఉంటుందా అని చూడటాన్ని వాళ్లు టెస్ట్-రీటెస్ట్ పద్ధతి అంటారు. ఈ విషయంలో మాకు పాఠం చెప్పే ధైర్యం ఎవరికుంది? గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను 2022 అక్టోబరులో పెట్టి లీకేజీతో రద్దు చేశారు, 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు కొట్టేసింది, 2024 జూన్‌లో కొత్త నోటిఫికేషన్‌తో ఇంకోసారి పెట్టారు. హనుమకొండ లైబ్రరీలో కూర్చున్న అన్నలను అడగండి, రీటెస్టు గురించి డాక్టరేటు స్థాయిలో చెబుతారు.

ఇప్పుడు ఇతని తాజా ప్రతిపాదన వినండి. పిల్లల ఫలితాలు ఇచ్చే రోజునే ప్రశ్నపత్రం ఫలితాలు కూడా ఇవ్వాలట. ఏ ప్రశ్న ఎంత కష్టం, ఏది నేర్చినవాణ్ని నేర్వనివాణ్ని విడదీసింది, ఏది ఎవరికీ అర్థం కాలేదు, అన్నీ బోర్డు మీద పెట్టాలట. అలా పెడితే ఏమవుతుందో ఆలోచించాడా? ఫెయిలైన ప్రశ్నలకు సప్లిమెంటరీ పెట్టాలి. పేపర్ తయారుచేసిన పెద్దమనిషిని పేరెంట్స్ మీటింగ్‌కు పిలిచి, ప్లాస్టిక్ కుర్చీలో గంటన్నర కూర్చోబెట్టి, "మీ ఇరవై ఏడో ప్రశ్న అస్సలు కాన్సంట్రేట్ చేయట్లేదండీ, ఫోన్ ఎక్కువ చూస్తోందా?" అని అడగాలి. అయినా ఆయన రాడు. సంతకం పెట్టడానికి వాళ్లావిడను పంపిస్తాడు.